రెండు దిక్కులా ‘మీ వాళ్ళు’ అనిపించుకుంటున్న చెల్లెకు

ఉత్తరం:

అక్కా నమస్తే. నేను లంబాడీ అమ్మాయిని, మాది నల్గొండ జిల్లాల ఒక తండా. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) అయిపోయినంక పోయినేడాది ఒక సంస్థల చేరిన. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దిక్కు ఆరు గోండు గూడేలు, రెండు తండాలు నాకు ఇచ్చిన్రు. పిల్లల చదువు, బాలింతల ఆరోగ్యం నా పని. గూడేలల్ల నా ఇంటిపేరు అడిగి తెల్సుకున్నంక ముచ్చట ఆగిపోతది, ‘మీ వాళ్ళు మహారాష్ట్ర నుంచి వచ్చి మా ఉద్యోగాలు తీసుకున్నరు’ అంటరు. నేను మహారాష్ట్ర మొఖం కూడ చూడలే అక్కా. తండాకు పోతే ‘నువ్వు మా పిల్లవై ఉండి వాళ్ళ గూడేలల్లనే తిరుగుతవ్’ అంటరు. ఇప్పుడు మా సార్ ఏమో రెండు వర్గాల తోని శాంతి కమిటీ పెట్టు, మూడు నెలల్ల ఫోటోలతోని రిపోర్టు కావాలె అంటున్నడు. శాంతి తెచ్చుడు నిజంగ మన పనేనా? నేను చెయ్యగల్గుతనా, లేకపోతే ట్రాన్స్‌ఫర్ అడుక్కొని పోవాల్నా?

సమాధానం:

చెల్లే, నీ ఉత్తరం చదువుకుంట ఫోటోల రిపోర్టు దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. నీ మీద కాదు. 2018ల నాకు కూడ అచ్చం ఇదే పని చెప్పిన్రు, ఫోటోలు కూడ తీసి పంపిన, బాగొచ్చినయ్ అని మెచ్చుకున్నరు కూడ. ఆ సంగతి తర్వాత చెప్త. ఫస్టు ట్రాన్స్‌ఫర్ ముచ్చట. ఇప్పుడే అడగకు. నెలకొకసారి అడగాలనిపిస్తది, నాకు ఇప్పటికీ అనిపిస్తది, అనిపించనియ్.

నీ ఇంటిపేరు సంగతి చూద్దాం. నువ్వు దాచిపెడ్తున్నవనీ, వాళ్ళు అడిగి తెల్సుకుంటున్నరనీ నీ ఉత్తరంల తెలుస్తున్నది. అక్కడనే తప్పు పోతున్నది. దాచినది బయటపడ్డంక నువ్వు లంబాడీ అనే దానికన్న నువ్వు దాచినవ్ అనేదే పెద్దగైతది. గూడెంల అడుగు పెట్టంగనే ఊరి పెద్ద పటేల్ ఇంటికి పోయి, నేను ఫలానా, లంబాడీ పిల్లను, నల్గొండ దిక్కు నుంచి వచ్చిన, మీ పిల్లల బడి పని మీద వచ్చిన అని నువ్వే చెప్పెయ్. మొదట్ల మొఖం అటు తిప్పుకుంటరు, తిప్పుకోనియ్. నేను గోండునీ కాదు లంబాడీనీ కాదు, కరీంనగర్ దిక్కు దాన్ని. నన్ను చూసి వాళ్ళకు షావుకార్లు యాదికొచ్చేది, ఎందుకంటే ఈ అడవిల భూములు ముందుగాల గుంజుకున్నది మైదానం నుంచి పోయిన మా అసొంటోళ్ళే. ఎవ్వరి తరఫూ కాని మనిషి అనేటోళ్ళు ఆ ఏరియాల ఎవ్వరు లేరు చెల్లే. నీకు ఒక లాభం కూడ ఉన్నది, తండాల ముసలామె నీతోని మీ లంబాడీ భాష గోర్ బోలిల ఏం చెప్తదో అది నాకు పదేండ్లు తిరిగినా చెప్పలే. ఇగ గోండి నేర్చుకో. పూర్తిగ రాకున్నా పర్వాలే, బాలింతను తిన్నవా, పాలు పడుతున్నయా అని అడిగేటంత వస్తే చాలు. తప్పు మాట్లాడు, నవ్వుతరు, ఆ నవ్వు నీకు అక్కెరకొస్తది. ఇంకో మాట, గోండు పెద్దోళ్ళు కలిస్తే ‘రామ్ రామ్’ అంటరు గదా, మీ తండాల ముసలోళ్ళు ఏమంటరో గుర్తు తెచ్చుకో. అదే మాట. ఇప్పటి పోరగాళ్ళకు మాత్రం ఒక దిక్కు జై సేవాలాల్, ఇంకో దిక్కు జై ఆదివాసీ. తప్పని అంటలేను, ఎవరి గుర్తింపు వాళ్ళది, కాని ఆ పాత పలకరింపు రెండు దిక్కులా ఇంక బతికే ఉన్నది.

గొడవ ఏందో నీకు సక్కగ తెల్వాలె, ఎందుకంటే గూడెంల ఒకటి చెప్తరు, తండాల ఒకటి చెప్తరు, వాట్సాప్‌ల ఇంకోటి వస్తది, ఎమ్మెస్‌డబ్ల్యూ క్లాసుల మాత్రం ఇది ఎవ్వరు చెప్పరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల ఆంధ్ర ఏరియా లంబాడీలు, సుగాలీలు ముందు నుంచే ఎస్టీలు, తెలంగాణ ఏరియా లంబాడీలు కాదు. 1976ల పార్లమెంటు చేసిన సవరణ చట్టంతోని ఆ ఏరియా తేడా పోయింది, తెలంగాణ లంబాడీలు కూడ లిస్టుల చేరిన్రు. అదే మనుషులు బార్డర్ దాటితే మహారాష్ట్రల విముక్త జాతి, కర్ణాటకల ఎస్సీ. మహారాష్ట్రల ఎస్టీ కాదు, ఇటు వస్తే ఎస్టీ అన్నప్పుడు ఆదిలాబాద్ బార్డర్ మీద ఏం జరిగిందో ఊహించుకో. ఆ వలసల గురించే గోండుల కోపం, అందుకే లంబాడీలను ఎస్టీ లిస్టుల నుంచి తీసెయ్యాలె అని కొట్లాడుతున్నరు. భూమి సంగతి ఇంకా లోతు. ఏజెన్సీల భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దని 1/70 చట్టం ఉన్నది గదా, లంబాడీలు ఎస్టీలు అయినంక ఆ కంచె వాళ్ళకు వర్తించదు, ఒక గిరిజనుడి భూమి ఇంకో గిరిజనుడు కొనొచ్చు. అప్పుల్ల ఉన్న గోండు రైతు భూమి చట్టం తప్పకుండనే చేతులు మారొచ్చు అన్నట్టు. ఇగ జనాభా, 2011 లెక్కల తెలంగాణల లంబాడీలు 20 లక్షల పైన, గోండులు దాదాపు 3 లక్షలు. ఎస్టీ కోటా ఒక్కటే. చదువు ముందు అందినోళ్ళకు ఉద్యోగం ముందు అందింది, గోండు పిల్లగాడు బడికి పోతే బోర్డు ముంగట లంబాడీ సారు, హాస్పిటల్‌కు పోతే లంబాడీ నర్సు, ఆఫీసుకు పోతే లంబాడీ క్లర్కు. ఆ పిల్లగానికి అట్ల కనవడితే వాడిది అసూయ అని కొట్టిపారేయకు.

ఇగ మీ దిక్కు మాట. కూలికి ముంబై, పుణె పోయి బస్టాండ్లల్ల పండుకునేటోళ్ళల్ల లంబాడీలు ఎంతమందో నీకు నేను చెప్పాల్నా. ఉట్నూరు దిక్కు తండాలల్ల కూడ తాతల కాలం నుంచి ఉన్నోళ్ళు ఉన్నరు, మొన్న వచ్చినోళ్ళు ఉన్నరు, అందర్నీ ఒక్క గాటన కట్టి ‘వలస’ అంటే మా తాత సమాధి ఎక్కడున్నది మరి అని వాళ్ళు అడుగుతరు. పార్లమెంటు ఇచ్చిన హక్కును మేం దొంగతనం చేసినమా అంటరు. రెండు మాటలల్ల కూడ నిజం ఉన్నది, అందుకే ఇది మందు రాస్తే మానే పుండు కాదు.

ఇక్కడ నీకు పనికొచ్చే ముక్క ఒకటి చెప్త. ఎస్టీ లిస్టుల నుంచి ఒక తెగను తీసేయాలన్నా, చేర్చాలన్నా రాజ్యాంగం 342 ఆర్టికల్ ప్రకారం పార్లమెంటే చెయ్యాలె. కలెక్టర్ చెయ్యలేడు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీవో చెయ్యలేడు, ముఖ్యమంత్రి చెయ్యలేడు, ఇగ గూడెం పటేల్‌తోని తండా నాయక్ కొట్లాడితే అస్సలు కాదు. నేను ఎక్కడికి పోయినా ఈ మాట విప్పి చెప్పేదాన్ని. మీ డిమాండ్ మీరు చెయ్యండి, ధర్నా చెయ్యండి, కోర్టుకు పోండి, అది మీ హక్కు, నేను అడ్డం రాను, కాని దాని జవాబు ఈ బోరింగు కాడ దొరకదు అని. ఈ ముక్క అర్థమైనంక మనుషులు కొంచెం ఊపిరి పీల్చుకునుడు నేను చూసిన. పెద్ద గొడవను తీస్కపోయి దాని జాగల పెడితే, ఊర్లె మిగిలేది చిన్న గొడవలు. అవి మన పని. ‘మనమందరం ఒక్కటే, అందరం గిరిజనులమే’ అని మాత్రం మీటింగుల ఎప్పుడు అనకు. గోండులు కొట్లాడేదే ఆ ఒక్కటే అనే మాట మీద, నువ్వు లంబాడీ పిల్లవై ఆ మాటంటే ఇగ అయిపోయినట్టే.

సరే ఇప్పుడు నా శాంతి కమిటీ కథ. 2017 చివర్ల ఎట్ల ఉండెనో నువ్వు విని ఉంటవ్, అక్టోబర్ నుంచి మొదలై డిసెంబర్‌కు ఉట్నూరుల 144 సెక్షన్, ఇంటర్నెట్ బంద్, రోడ్ల మీద పోలీసులే పోలీసులు. గూడేలల్ల లంబాడీ టీచర్లను బడికి రానియ్యలే. నేను తిరిగే ఒక గూడెంల పిల్లలు పొద్దుగాల తయారై వచ్చి బడి అరుగు మీద కూసునేది, సారు రాడు, మధ్యాహ్నం అన్నం తిని పోయేది. ఒక పిల్ల నన్ను అడిగింది, సారు మంచోడే గదా, ఆయన్నెందుకు రానిస్తలేరు అని. నా దగ్గర జవాబు లేకుండె. ఆ మరుసటేడు మొదట్లనే మా ఆఫీసు నుంచి హుకుం, శాంతి సమావేశం పెట్టాలె అని. పెట్టినం. టెంటు, బ్యానర్, పావురం బొమ్మ, సమోసలు. కుర్చీలు వేసే పిల్లగాడు మధ్యల బాట వదిలి రెండు దిక్కులా వేసిండు, ఇగ అంతే, ఈ దిక్కు వీళ్ళు, ఆ దిక్కు వాళ్ళు, ఎవరో గీత గీసినట్టు. పటేల్ లేచి రామ్ రామ్ అన్నడు, కూసున్నడు. నాయక్ ఆ మాట కూడ అనలే. మా సార్లు గంటన్నర మాట్లాడిన్రు. ఆఖరుకు ఇద్దరి చేతులు పట్టి కలిపి ఫోటో. తర్వాత చాయ్ వచ్చేసరికి సల్లగై మీద మీగడ కట్టింది, రెండు దిక్కుల వాళ్ళు అప్పటికే ఎవరి ఆటో వాళ్ళు ఎక్కిన్రు. పదకొండో రోజు అవే రెండు ఊర్ల మధ్య పత్తి చేన్ల ఎద్దులు పడ్డయని కట్టెలు లేచినయ్, ఒకనికి తలకాయ పగిలి ఎనిమిది కుట్లు పడ్డయ్. దవాఖానల ఆ కుట్లేసేటప్పుడు పక్కన నిలబడ్డ నాకు మొత్తం మీటింగుల ఎద్దుల మాట ఒక్కసారి కూడ రాలేదని అప్పుడు తట్టింది. మేం అడగలే, వాళ్ళు చెప్పలే.

ఆ తర్వాత నేను చేసింది ఎద్దుల పని. చెప్పుకోనీకి సిగ్గనిపించే చిన్న పని. గూడెం పశువులు తండా చేన్లకు, తండా పశువులు గూడెం చేన్లకు పోతుంటయ్, పూర్వం బందెలదొడ్డి ఉండె, అది కూలిపోయి ఏండ్లయింది, పంచాయతీ పట్టించుకోలే. చేనేసుకున్నోడు పశువును కొడ్తడు, పశువు యజమాని వచ్చి మనిషిని కొడ్తడు, సాయంత్రానికి అది గోండు-లంబాడీ గొడవ. నేను ఇద్దర్నీ ఒక్కకాడ కూసోపెట్టలే. గూడెంల విడిగ అడిగిన, తండాల విడిగ అడిగిన, ఎద్దులు పడితే ఏం చేస్తే మీకు మంచిగనిపిస్తది అని. మొత్తం నాలుగు నెలలు పట్టింది, మధ్యల రెండుసార్లు ఇడిచిపెట్టిన. ఆఖరుకు ఒప్పుకున్నది ఏందంటే, పశువు చేన్ల పడితే కొట్టొద్దు, ఫోన్ చెయ్యాలె, రెండూర్లకు మధ్యల ఉన్న చింతచెట్టు కాడ కట్టెయ్యాలె, అటొక మనిషి ఇటొక మనిషి వచ్చి చేను చూసి నష్టం చెప్పాలె, దండుగ పైసలు ఇచ్చి పశువును తోలుకపోవాలె. ఆ చూసే ఇద్దర్నీ ఊర్లే పెట్టుకున్నయ్, నేను పెట్టలే. ఒకాయన గోండు ముసలాయన, ఇంకొకాయన తండాల మేకలు కాసే నడీడు మనిషి. మొదటిసారి ఇద్దరు చేన్ల నిలబడి ఒకళ్ళ మొఖం ఒకళ్ళు చూసుకోకుండనే విరిగిన చెట్లు లెక్కపెట్టిన్రు, నేను గట్టు మీద నిలబడి చూస్తున్న, ముసలాయన నలభై ఒకటి అన్నడు, మేకలాయన ముప్పై ఎనిమిది అన్నడు, మళ్ళ ఇద్దరు కలిసి మొదటి సాలు నుంచి లెక్కపెట్టుడు మొదలుపెట్టిన్రు. నలభై అని తేలింది. ఇద్దరు బీడీ ముట్టిచ్చుకున్నరు, ఒకే అగ్గిపుల్ల. దానికి ఫోటో లేదు, రిపోర్టుల పశువుల సమస్య పరిష్కారం అని ఒక్క లైను రాసిన.

నువ్వు అడిగిన, శాంతి మన పనేనా అనే దానికి నా జవాబు అదే అనుకో. లిస్టు తగాద తీర్చుడు మన పని కాదు, మనుషుల మనసులు మార్చుడు అసలే కాదు, దానికి స్వాములు, లీడర్లు ఉన్నరు. రెండు ఊర్లకు ఒకరితోని ఒకరికి పడే పనులు ఎన్ని ఉన్నయో కనుక్కొని అవి తెగకుండ చూసుడు మనది. బోరింగు, బాట, బడి, అంగన్‌వాడి, అంబులెన్స్ వచ్చే దారి, అంగడి.

అంగడి గురించి ఇంకొంచెం చెప్త, ఎందుకంటే దేశం కాని దేశంల ఆడోళ్ళు అక్కడి నుంచే మొదలుపెట్టిన్రు. కెన్యా ఈశాన్యం మూల వజీర్ అని ఎడారి జిల్లా, అంతా సోమాలీలే, కాని వంశాలు వేరు. 1992, 93ల కరువు మీద కరువొచ్చి నీళ్ళ కోసం, మేత కోసం వంశాల మధ్య చంపుకునుడు నడిచింది. ఆఖరుకు సంతల కూడ ఈ వంశమామె దగ్గర ఆ వంశమామె కొనదు, అమ్మదు. అప్పుడు దెఖా ఇబ్రహీం అబ్ది అనే ఆమె, ఇంకొందరు ఆడోళ్ళు కలిసి ఫస్టు పెట్టుకున్న పని ఏందో తెల్సా, సంతల ఏ వంశమామె అయినా భయం లేకుండ కొనుక్కోవాలె, అమ్ముకోవాలె. అంతే. సంతలనే తిరుగుకుంట కాపలా ఉన్నరు, ఎవరన్న అడ్డం వస్తే అక్కడికక్కడనే కూసోపెట్టి మాట్లాడిన్రు. సంత నిలబడ్డంకనే పెద్దమనుషుల దగ్గరికి పోయిన్రు, అది కూడ తెలివిగ, పెద్ద వంశాలను కాదని కొట్లాటల లేని చిన్న వంశం పెద్దలను మధ్యల పెట్టిన్రు. 1993ల ఒప్పందం అయింది, తర్వాత అది కెన్యా మొత్తానికి నమూనా అయింది, దెఖాకు 2007ల రైట్ లైవ్లీహుడ్ అవార్డు కూడ ఇచ్చిన్రు. 2011ల రోడ్డు ప్రమాదం తర్వాత చనిపోయింది పాపం.

ఇది విన్నంక నాకు కూడ ఆశ పుట్టి మన దగ్గర ఆ చిన్న వంశం ఎవరా అని లెక్కలేసిన. కోలాములు అనుకున్న, గోండులు వాళ్ళను పూజార్లుగ గౌరవిస్తరు గదా. కాని ఈ గొడవల కోలాములు గోండుల దిక్కే, తండా వాళ్ళు ఒప్పుకోరు. కాబట్టి అక్కడిది తెచ్చి ఇక్కడ అతికిస్తే అతకదు. మన దగ్గరిది మనమే ఎతుక్కోవాలె. కేస్లాపూర్ నాగోబా జాతర చూసినవా? పుష్య అమావాస్యకు గోండులల్ల మెస్రం వంశపోళ్ళు గోదావరి నీళ్ళు తెచ్చి చేసే పూజ. ఆ పూజల వాడే కుండలు గోండులు చేసుకోరు, సిరికొండల కుమ్మరి ఇంటికి పోయి చెప్పి చేయించుకుంటరు, తరాల నుంచి. ప్రధాన్‌లు కిక్రి వాయించి గోండుల వంశ కథలు పాడ్తరు, ఓజలు వాళ్ళకు ఇత్తడి దేవుళ్ళు పోసిస్తరు. ఒక తెగకు ఇంకో తెగతోని పని పడే పద్ధతి ఆ అడవికి కొత్తేం కాదు. తండాకూ గూడేనికీ మధ్య అసొంటిది ఏదన్న ఉన్నదా అనేది నువ్వు కనుక్కోవాల్సింది.

అయితే ఇంద్రవెల్లి అంగడికి పోయినప్పుడు ఒక్కటి మనసుల పెట్టుకో. 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి రోజు. భూముల పట్టాల కోసం గోండులు సభ పెట్టుకుంటే పర్మిషన్ రద్దు చేసిన్రు, వచ్చినోళ్ళ మీద పోలీసులు కాల్చిన్రు. సర్కారు లెక్క 13 మంది, జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ స్తూపం కాడ దండం పెట్టనీకి కూడ ఎన్నో ఏండ్లు పోనియ్యలే. కాబట్టి నువ్వు గోండు గూడెంకు పోలీసు జీపుల పోయి శాంతి అని చెప్తే వాళ్ళకు ఏం వినవడ్తదో ఆలోచించు. కొమురం భీం జోడేఘాట్ కాడ చనిపోయింది 1940ల, అది మనకు చరిత్ర, వాళ్ళకు మాత్రం వాళ్ళింటి ముచ్చట.

పోలీసులతోని పని లేదు అంటలేను. భివండి కథ చూడు, మన సిరిసిల్ల, కరీంనగర్ పద్మశాలీలు ఎంతమందో పవర్‌లూములకు వలస పోయిన ఊరు. 1984ల అక్కడ ఘోరమైన మతకలహాలు. 1988ల డీసీపీగ పోయిన సురేష్ ఖోపడే అనే ఆయన గల్లీ గల్లీకి మొహల్లా కమిటీలు పెట్టిండు, హిందువులు, ముస్లింలు సమానంగ, దాంట్ల ఆ గల్లీ చూసే పోలీసు కూడ మెంబరే. ఏమన్న గొడవ అయినంక పెట్టినవి కావు, ఏం గొడవ లేనప్పుడు పెట్టినవి, మోరీలు, నీళ్ళు, పోరగాళ్ళ లొల్లి అసొంటి చిల్లర పంచాయతీలు చేసుకునేది. 1992 డిసెంబర్, 93 జనవరిల పక్కన ముంబై కాలిపోతుంటే భివండి సప్పుడు చెయ్యలే. నీ సార్ కమిటీ అంటే తల ఊపు, కాని కమిటీ ఎజెండా ఎద్దులు, బోరింగు, అంగన్‌వాడి గుడ్లు అని చెప్పు. శాంతి అనే పదం బ్యానర్ మీద వద్దను.

ఇగ రూమర్లు. ఇది గొడవ నడిచే రోజుల పని కాదు, ఇప్పుడే చేసుకోవాలె. గూడేనికి ముగ్గురు, తండాకు ముగ్గురు, ఎక్కువొద్దు, పోరగాళ్ళు మాట వినే మనుషులు, లీడర్లు కాదు. ఆశా వర్కరు, కిరాణం కొట్టు ఆమె, ఆటో నడిపే పిల్లగాడు అసొంటోళ్ళు. ఏదన్న వార్త వస్తే, ఎవరో చచ్చిపోయిన్రట, విగ్రహం పగలగొట్టిన్రట అని వస్తే, వాళ్ళ పని ఒక్కటే, అవతల ఊరి మనిషికి ఫోన్ చేసి, నువ్వు నీ కండ్లతోని చూసినవా అని అడుగుడు. నెట్ బంద్ అయినా ఫోన్ కాల్స్ ఉంటయ్, అందుకే నంబర్లు నోట్‌బుక్కుల రాసి పెట్టుకొమ్మను, వాట్సాప్ గ్రూపు మీద ఆధారపడితే ఆ రోజు అందరు గుడ్డోళ్ళయితరు. నిజంగనే జరిగింది ఉంటే జరిగింది అనే చెప్పాలె. అబద్ధం చెప్పి సల్లార్చినవంటే మళ్ళ నీ మాట ఎవ్వరు నమ్మరు.

ఇప్పుడు చెప్పేది మాత్రం గట్టిగ గుర్తుపెట్టుకో. 2024ల ఆసిఫాబాద్ జిల్లా జైనూరుల ఏం జరిగిందో చూసినవ్ గదా, ఆగస్టు చివర్ల ఒక ఆదివాసీ మహిళ మీద జరిగిన దాడి, నిందితుడు ఒక్కడు, సెప్టెంబర్ 4న బంద్ నాడు కాలినయి మాత్రం ఏం సంబంధం లేనోళ్ళ దుకాణాలు, ప్రార్థన చేసుకునే జాగ మీద కూడ దాడి, మళ్ళ కర్ఫ్యూ, మళ్ళ నెట్ బంద్. అది గోండు-లంబాడీ గొడవ కాదు, గోండు-ముస్లిం, కాని నడిచే తీరు ఒకటే. ఇసొంటప్పుడు రెండు తప్పులు చేస్తరు. ఒకటి, ఒక్కని నేరాన్ని ఊరందరికీ పూసుడు. ఇంకోటి మన సోషల్ వర్కర్లు చేసేది, శాంతి పేరు మీద బాధితురాలిని రాజీకి ఒప్పిచ్చుడు. గొడవ పెద్దగైతది, కేసు వద్దు, పెద్దమనుషుల్ల తెంపుకుందాం అని. అస్సలు చెయ్యకు చెల్లే. ఎద్దులకు దండుగ ఉంటది, ఆడపిల్ల మీద చెయ్యేసినోనికి దండుగ ఉండదు, కేసే. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి, సఖి సెంటర్‌కు తోల్కపో, ఎఫ్ఐఆర్ అయ్యేదాంక ఆమె పక్కన నిలబడు. ఆ పని నువ్వు గోండు ఆడపిల్ల కోసం చేసినా, లంబాడీ ఆడపిల్ల కోసం చేసినా తేడా లేకుండ ఉన్నదని నాలుగు ఊర్లకు తెలిస్తే చాలు, నీ ఇంటిపేరు ఎవ్వరు అడగరు. అట్లనే ఇంకోటి, కొట్లాట అయినంక రెండు దిక్కుల వాళ్ళు ఒకల మీద ఒకలు అట్రాసిటీ కేసు పెడ్తమని ఉరుకుతరు. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం ఎస్సీ ఎస్టీ కానోళ్ళు నేరం చేసినప్పుడే. గోండు, లంబాడీ ఇద్దరు ఎస్టీలే, ఒకల మీద ఒకలకు అది నడవదు, మామూలు సెక్షన్లే. జైనూరు అసొంటి కేసుల నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే మాత్రం వర్తిస్తది. ఈ తేడా తెల్వక జనం స్టేషన్ల చుట్టు తిరిగి, పోలీసులు మన కేసు తీసుకుంటలేరు, అవతలోళ్ళకు అమ్ముడుపోయిన్రు అని కొత్త కోపం పెంచుకుంటరు. నీకు తెలిస్తే మొదటి రోజే చెప్పొచ్చు.

మీ సంస్థల గోండు పిల్లగానో, పిల్లనో ఫీల్డ్ మీద ఉన్నరా? లేకపోతే తీసుకొమ్మని అడుగు, అది నీ ట్రాన్స్‌ఫర్ కన్న ముఖ్యం. ఇద్దరు కలిసి బండి మీద రెండు దిక్కులా తిరగాలె, తండాకు పోయినా గూడేనికి పోయినా ఇద్దరు కలిసే పోవాలె. ఎట్లున్నా మనుషులు చూసేది నువ్వు చెప్పేది కాదు, మీ ఇద్దరు టిఫిన్ డబ్బా ఎట్ల పంచుకుంటున్నరో అది. టెన్షన్ ఉన్న రోజు మాత్రం హీరోయిజం వద్దు, మీ కోఆర్డినేటర్‌కు చెప్పి ఇంట్లనే ఉండు, ఫోన్ల మీద పని చెయ్యి. తండావాళ్ళు నిన్ను వాళ్ళ మనిషి అంటున్నరు అన్నవ్, దానికి గొడవ పడకు, అవును, గూడెం బాలింత కూడ నా మనిషే అని నవ్వి ఊకో.

సార్‌కు ఏం చెప్పాల్నంటే, మూడు నెలల్ల కమిటీ కాదు, ఏ రెండు ఊర్లు ఏ పని మీద కొట్లాడుకుంటున్నయో, ఏ పని మీద కలుస్తున్నయో లిస్టు ఇస్త అని చెప్పు. ఆయన ఫోటోలే కావాలంటే బోరింగు రిపేరు ఫోటో పంపు.

ముందుగాల వచ్చే అంగడికి పో. పెన్ను, పుస్తకం తీస్కపో, ఏం మాట్లాడకు, ఒక చెట్టు కింద కూసొని చూడు. గూడెం ఆడోళ్ళు ఎవరి దగ్గర ఏం కొంటున్నరు, తండా ఆడోళ్ళు ఎవరి దగ్గర ఏం కొంటున్నరు, ఎవరు ఎవరికి ఉద్దెర ఇస్తున్నరు, ఎవరు ఎవరి దుకాణం దాటేసి పోతున్నరు. ఉద్దెర సంగతి మంచిగ చూడు. రాసి నాకు పంపు, తర్వాత మాట్లాడుకుందాం.